మశక్: ఒక తోలుతిత్తి చరిత్ర

1539వ సంవత్సరం జూన్ 26న చౌసా యుద్ధంలో షేర్‌ఖానుకు ఓడిన హుమాయూన్ ప్రాణరక్షణకై గంగలోనికి దిగినాడు. అతనిని ఒడ్డు చేర్చినవాడు నిజాం అను సక్కా, అనగా నీళ్లు మోయువాడు. ఆధారమైనది గాలి నింపిన తోలుతిత్తి. ముప్పది లీటర్ల గాలి పట్టు తిత్తి పూర్తిగా మునిగినచో 30 కిలోల వరకు బరువును నిలుపగలదు. నీటిలోని మనిషిని తేల్చుటకు అంతకన్న చాల తక్కువ చాలును. ఆ సక్కాను హుమాయూన్ రెండు దినములు సింహాసనముపై నిలిపెనని గుల్బదన్ బేగం వ్రాసినది. ఈ కథ చెప్పువారు నిజామును తలచుదురు గాని తిత్తిని గూర్చి విచారించుట అరుదు.

ఢిల్లీవాసులు ఆ తిత్తిని మశక్ అనిరి; మోయువానిని భిష్తీ, అనగా స్వర్గవాసి, అనిరి. దాహము తీర్చువానికి ఇంతకన్న గొప్ప బిరుదు లేదు. గొట్టపు నీరు వచ్చిన పిమ్మట ఆ బిరుదు మిగిలినది, బ్రతుకుతెరువు సన్నగిల్లినది.

మశక్ అను మాటను తెనిగించునపుడు నాకు ‘తిత్తి’ తప్ప వేరు మాట తోచలేదు. కొలిమితిత్తి, ఊపిరితిత్తి అన్నవారు మన పూర్వులే. మెత్తని పొర, లోపల ద్రవమో వాయువో: ఈ మూడింటి స్వభావమూ ఒకటే అని ఆ మాట చెప్పుచున్నది.

పొరలోని లాగుడునకు, లోపలి ఒత్తిడికి గల సంబంధమును 1805, 1806 సంవత్సరములలో థామస్ యంగ్, లాప్లాస్ ద్రవముల ఉపరితలమును గూర్చి విచారించుచు తెలిపినారు. ఒత్తిడి సమానమైనపుడు వెడల్పైన చోట లాగుడు హెచ్చు, ఇరుకైన చోట తక్కువ. కనుకనే మశక్ పొట్ట బిగుసుకొని యుండగా, దాని ఇరుకైన మెడను భిష్తీ ఒక పిడికిట బిగించి, కావలసినంత నీరే విడువగలిగినాడు.

అయితే ఈ సూత్రము తిత్తి ఆకారము ముందుగా తెలిసినచోటనే పనికివచ్చును. నడచువాని వీపుపై నీరు కదలును. నీటి ఒత్తిడికి తోలు సాగును. తోలు సాగగా ఒత్తిడి మారును. ఒకదానిని ఎరుగక రెండవది తెలియదు. ఈ చిక్కును విడదీయుటకు యంత్రగణనము కావలసివచ్చినది. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అనువారు విమాన నిర్మాణముల కొరకు ఒక పద్ధతిని ప్రకటించినారు: వస్తువును చిన్న తునకలుగా భావించి, ప్రతి తునక బలమును పొరుగు తునకలతో సరిచూచుట. సాగు పొరల విషయములో ఆకారమును ఊహించి, సరిదిద్ది, బలములు సమమగువరకు మరల మరల లెక్కింపవలెను. 1972లో చార్లెస్ పెస్కిన్ గుండె కవాటములను, వాటి చుట్టు ప్రవాహమును కలిపి లెక్కించు మార్గము చూపినాడు. గుండెయు నొక తిత్తియే గదా!

గణనయంత్రము తునక తునకగా సాధించు సమతౌల్యమును భిష్తీ తన భుజముతో, పిడికిలితో సాధించినాడు. లెక్కలకు గ్రంథములున్నవి. అతని నేర్పునకు గ్రంథము లేదు. అది తండ్రి భుజమునుండి కొడుకు భుజమునకు మారినది. మోయువారు తగ్గిన కొలది ఆ నేర్పూ తగ్గినది. చక్రవర్తుల చరిత్రలో ఒక భిష్తీకి రెండు దినములు దొరికినవి. విజ్ఞాన చరిత్రలో అతని తోటివారికి ఒక పుటయైన ఇచ్చుట మన వంతు.