ఫ్రాంక్‌ఫర్ట్ నీటిపోరు

ఫుట్‌బాల్ ఆటలో తలపడేవి రెండు జట్లే అనుకుంటాము. 1974 జూలై 3వ తేదీన పశ్చిమ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో నేల కూడా ఆటలోకి దిగింది.

అది ప్రపంచ కప్పు పోటీ. ప్రత్యర్థులు పశ్చిమ జర్మనీ, పోలండు. గెలిచినవారికి ఫైనలు, డ్రా అయితే ఆ అర్హత జర్మనులదే. అంటే పోలండు గెలిచి తీరవలసి ఉన్నది. ఆటకు ముందు కుండపోతగా వాన కురిసి మైదానం చెరువైనది. అగ్నిమాపకదళం వచ్చి పంపులతో నీరు తోడింది. మంటలార్పేవారికి అదొక వింత కొలువు! రోలర్లు దొర్లించి మిగిలిన నీటిని పక్కకు నెట్టారు. సుమారు అరగంట ఆలస్యంగా ఆట మొదలైనది.

పోలండు బలమంతా వేగంలో ఉన్నది. లాటో, గదోహా చెరొక అంచు నుంచీ దూసుకుపోవడంలో దిట్టలు. ఆనాడు ఆ వేగం అక్కరకు రాలేదు. తన్నిన బంతి నీటిమడుగులో టక్కున ఆగిపోయేది. వెంట పరుగెత్తినవాడు ఆగలేక జారిపోయేవాడు. నీటి అడుగున నేల గట్టిదో మెత్తనిదో తెలియనిచోట కాలు మోపడం మోకాలికీ చీలమండకూ ఎంత ముప్పో ఆడినవారికి చెప్పనక్కరలేదు. పచ్చిక కింద ఇసుక, కంకర పొరలు పరచి, నీరు పోయే గొట్టాలు అమర్చి, వాటిని పూడిపోకుండా చూసుకోవడం ఇందుకే. చూసేవారి కంటికి ఆనని పని అది.

76వ నిమిషంలో గెర్డ్ ముల్లర్ గోలు చేశాడు. జర్మనీ 1-0తో గెలిచి, నాలుగు రోజులకు కప్పునూ అందుకున్నది. జర్మనులూ ఆ నీటిలోనే ఆడారు గనుక వారి గెలుపును మేము తక్కువ చేయము. అయితే నష్టం మాత్రం సమానం కాదనిపిస్తుంది.

జూలై 6న మ్యూనిక్‌లో బ్రెజిల్‌పై ఆటలోని ఏకైక గోలు చేసి, పోలండుకు మూడవ స్థానం తెచ్చినవాడు ఆ లాటోయే.