సాదా ఇంజిన్‌కు టర్బో

టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ తనకు కావలసిన గాలిని తానే పీల్చుకుంటుంది. పిస్టన్ కిందికి దిగితే సిలిండర్‌లో ఖాళీ ఏర్పడుతుంది, బయటి గాలి అందులోకి వచ్చి నిండుతుంది. కార్ల భాషలో దీన్ని నేచురల్లీ ఆస్పిరేటెడ్ ఇంజిన్ అంటారు, పొట్టిగా ఎన్‌ఏ. ఇలాంటి ఇంజిన్‌కు తర్వాత టర్బోచార్జర్ తగిలించి శక్తి పెంచడమే టర్బో కన్వర్షన్. సైలెన్సర్ గుండా వృథాగా పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం, కొలిమిలోకి తిత్తి ఊదినట్టు, గాలిని ఇంజిన్‌లోకి నెడుతుంది. గాలి పెరిగితే పెట్రోలూ ఎక్కువ మండించవచ్చు. వినడానికి ఇంతే. కానీ ఈ చరిత్రలో గాలిని నెట్టడం కంటే, ఆ గాలి వెంట వచ్చే వేడిని అదుపు చేయడానికే ఇంజనీర్లు ఎక్కువ తిప్పలు పడ్డారు.

స్విట్జర్లాండ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ బుషి 1905లో ఈ ఆలోచనకు పేటెంట్ తీసుకున్నాడు. 1918లో అమెరికన్ ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ ఒక లిబర్టీ విమాన ఇంజిన్‌ను కొలరాడోలోని పైక్స్ పీక్ పర్వతం మీదికి, 14,109 అడుగుల ఎత్తుకు చేర్చి పరీక్షించాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజిన్, గాలి పలచబడిన ఆ ఎత్తులో 230కి పడిపోయింది. టర్బో తగిలిస్తే 356 ఇచ్చింది.

విమానానికి కుదిరినంత సులువుగా ఇది కారుకు కుదరలేదు. బూస్ట్, అంటే టర్బో గాలికి అదనంగా ఇచ్చే ఒత్తిడి, అర బార్ అనుకుందాం. 35 డిగ్రీల ఎండలో లోపలికి వెళ్లిన గాలి, కుదింపు వల్ల కంప్రెసర్ అనే ఆ రెండో చక్రాన్ని దాటేసరికి దాదాపు 90 డిగ్రీలకు చేరుతుంది. దాన్ని సిలిండర్ మళ్లీ కుదిస్తుంది. అప్పుడు స్పార్క్ అంటించిన మంట పూర్తిగా పాకకముందే, మూలల్లో మిగిలిన పెట్రోల్ మిశ్రమం తనంతట తాను భగ్గుమంటుంది. మెకానిక్‌లు నాకింగ్ అనే ఆ టకటక చప్పుడు అదే. అది కొనసాగితే పిస్టన్ రింగుల మధ్య గట్లు విరిగిపోతాయి, హెడ్ గ్యాస్కెట్ కాలిపోతుంది.

1962లో జనరల్ మోటార్స్ రెండు టర్బో కార్లు తెచ్చింది. షెవర్లే కోర్వేర్ విషయంలో ఇంజనీర్లు కంప్రెషన్ నిష్పత్తిని, అంటే సిలిండర్ మిశ్రమాన్ని ఎన్ని రెట్లు కుదిస్తుందనే లెక్కను, తగ్గించి జాగ్రత్తపడ్డారు. ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ విషయంలో మాత్రం 10.25:1 అనే ఎక్కువ నిష్పత్తినే ఉంచి, నాకింగ్ రాకుండా నీళ్లూ మెథనాలూ కలిపిన ద్రవాన్ని ఇంజిన్‌లోకి చిమ్మే ఏర్పాటు చేశారు. దాని పేరు టర్బో రాకెట్ ఫ్లూయిడ్. 3.5 లీటర్ల ఇంజిన్‌కు 215 హార్స్‌పవర్ వచ్చింది. అయితే ఆ ద్రవం అయిపోతే ఓనరే మళ్లీ పోసుకోవాలి, చాలామంది పోయలేదు. ట్యాంకు ఖాళీ అయితే బూస్ట్ తగ్గిపోయేది, పికప్ లేదని ఫిర్యాదులొచ్చేవి. చివరికి కంపెనీయే టర్బో ఊడదీసి మామూలు కార్బురేటర్ బిగించి ఇస్తామంది. కన్వర్షన్ల చరిత్రలో తొలి ప్రముఖ ఘట్టాల్లో ఒకటి ఇలా వెనక్కి నడిచింది!

యూరప్‌లో ఈ కథ ఎక్కువగా ఒకే ఇంజిన్ చుట్టూ తిరిగింది. బీఎమ్‌డబ్ల్యూ ఎమ్10 ఇంజిన్ 1962లో 1.5 లీటర్ల, 80 హార్స్‌పవర్ కుటుంబకారు కోసం పుట్టింది. 1973లో వచ్చిన ‘2002 టర్బో’ అనే కారులో దాని వారసుడు 170 హార్స్‌పవర్ ఇచ్చాడు. ముందున్న డ్రైవర్ తన అద్దంలో చదువుకోవడానికి వీలుగా కారు ముందు భాగాన పేరును తిరగేసి రాసిన ఘనత ఈ కారుదే. సరిగ్గా అప్పుడే చమురు సంక్షోభం ముంచుకొచ్చింది, 1,672 కార్లతో తయారీ ఆగిపోయింది. ఇంజిన్ మాత్రం ఆగలేదు. బీఎమ్‌డబ్ల్యూ ఇంజనీరు పాల్ రోషే బృందం అదే ఎమ్10 బ్లాకుతో ఫార్ములా వన్ టర్బో ఇంజిన్ చేసింది. పోత ఇనుములోని ఒత్తిళ్లు సడలి ఉంటాయని మొదట్లో చాలా దూరం తిరిగిన పాత బ్లాకులనే ఏరి తెచ్చుకున్నారు. 1983లో నెల్సన్ పికే ఆ ఇంజిన్‌తోనే ప్రపంచ విజేత అయ్యాడు.

మామూలు డ్రైవర్‌కు టర్బోను దగ్గర చేసింది మాత్రం స్వీడన్‌కు చెందిన సాబ్. 1977లో చూపించిన 99 టర్బోలో కంప్రెషన్‌ను 9.2 నుంచి 7.2కు దించి, చిన్న టర్బో పెట్టి, బూస్ట్ మితిమీరితే పొగను పక్కకు మళ్లించే వేస్ట్‌గేట్ అమర్చారు. అసలు మేలు ఆ తర్వాత జరిగింది. బ్లాకు మీద నాకింగ్‌ను పసిగట్టే సెన్సర్ బిగించి, అది చప్పుడు విన్న క్షణంలో బూస్ట్ తగ్గించే ఏపీసీ పద్ధతిని 1982 మోడల్ కార్లలో పెట్టారు. జెట్‌ఫైర్ ఓనర్ల మతిమరుపుకు ఇది సరైన మందు, ఇరవయ్యేళ్లు ఆలస్యంగా.

కార్ల కంపెనీల బయట కూడా ఈ పని జోరుగానే సాగింది. 1973లో హిరోయుకి హసెగావా జపాన్‌లో హెచ్‌కేఎస్ అనే ట్యూనింగ్ సంస్థను మొదలుపెట్టాడు. 1977లో రీవ్స్ కాలవే అమెరికాలోని కనెటికట్‌లో, ఇంటి గరాజ్‌లోనే బీఎమ్‌డబ్ల్యూ 320ఐకి టర్బో కిట్లు చేశాడు. అందులో ఉన్నదీ ఎమ్10 ఇంజినే. బ్రిటన్‌లో మాజ్డా ఎమ్‌ఎక్స్-5కు బీబీఆర్ అనే ట్యూనింగ్ సంస్థ చేసిన కిట్ డీలర్ల ద్వారానే అమ్ముడైంది, సుమారు 115 హార్స్‌పవర్ 150కి పెరిగింది. ఆ ఇంజిన్‌కు దగ్గరి బంధువు మాజ్డా 323లో టర్బోతోనే వచ్చింది కాబట్టి ఎమ్‌ఎక్స్-5 ఇంజిన్ ఈ బరువు మోయగలిగింది.

కిట్ బిగించే పనిలో జనం తేలిగ్గా తీసుకునేది ఆయిల్ పైపు. టర్బో బేరింగులకు ఇంజిన్ ఆయిలే అందాలి. లోపలికి వెళ్లే ఆయిల్‌కు ప్రెజరు ఉంటుంది గానీ తిరిగొచ్చేది దానంతటదే జారాలి. అందుకే ఆయిల్ చాంబర్‌కు రంధ్రం చేసి లావుపాటి పైపు కలుపుతారు. రంధ్రం ఆయిల్ మట్టానికి పైన ఉండాలి, పైపు దారంతా పల్లానికే సాగాలి. కాస్త వంగినా ఆయిల్ వెనక్కి తన్ని సీళ్లు దాటుతుంది, కారు నీలం పొగ కక్కుతుంది. కొత్త టర్బో పాడైందని ఊడదీసేవాళ్లు చాలాసార్లు నిందించాల్సింది ఆ పైపునే.

పెట్రోల్ లెక్క ఇంకా కీలకం. తొలి కిట్లలో బూస్ట్ పెరిగేకొద్దీ పెట్రోల్ ప్రెజరు పెంచే రెగ్యులేటర్‌తో సరిపెట్టేవారు. ప్రోగ్రామ్ చేయగల ఈసీయూలు, అంటే ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్లు, వచ్చాక ప్రతి స్పీడుకూ, ప్రతి లోడుకూ పెట్రోల్, స్పార్క్ విడివిడిగా రాసుకునే వీలు కలిగింది. ఇంటర్‌కూలర్ గాలిని చల్లారుస్తుంది, డైరెక్ట్ ఇంజెక్షన్ సిలిండర్ లోపలే చల్లదనం తెస్తుంది. 2015లో పోర్షె 911 కరేరాను టర్బోకు మార్చినప్పుడు 3.4 లీటర్ల 350 హార్స్‌పవర్ స్థానంలో 3 లీటర్ల 370 వచ్చింది, కంప్రెషన్ నిష్పత్తి 10:1.

భారతదేశంలో ఈ పనికి చట్టం అడ్డు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా ఓనరు బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ టర్బో పికప్ కావాలనుకునేవారికి సాఫీ దారి షోరూమ్ నుంచే టర్బోతో వచ్చే బండి. 2017లో మారుతి బలేనో ఆర్‌ఎస్ 1 లీటరు టర్బోతో దేశంలో అమ్మకానికి వచ్చింది.