కారు కంప్యూటరు – దాని నిర్వాహక వ్యవస్థా నిర్మాణ చరిత్ర

నేటి మోటారుకారులో ఇంజను, చక్రములు, బ్రేకులతోపాటు కంప్యూటరులు కూడ ముఖ్యాంగములైనవి. ఒక్కొక్క కారులో ఇవి పదుల సంఖ్యలో ఉండును. ఒకటి ఇంజనునకు పంపవలసిన ఇంధనమును లెక్కించును. మరొకటి బ్రేకులను కనిపెట్టి యుండును. వేరొకటి డ్రైవరు ముందున్న తెరపై దారిని చూపును. బల్లపై నుండు కంప్యూటరునకును వీనికిని ఒక ముఖ్యభేదము గలదు. బల్లపై కంప్యూటరులో యజమాని తనకు వలసిన ప్రోగ్రాములను ఎప్పటికప్పుడు చేర్చుకొనును. కారు కంప్యూటరులో ఏమి ఉండవలెనో, ఏమి ఉండరాదో సాధారణముగా తయారుచేయువారే ముందుగా నిర్ణయింతురు. ఆ నిర్ణయమంతయు ఒక మూటగా కట్టి జ్ఞాపకపు చిప్పులో నింపుదురు. ఆ మూటను ఇంజనీర్లు 'ఇమేజ్' అందురు, అనగా ప్రతిబింబము. చిప్పులో ఎక్కడ ఏ అంకె ఉండవలెనో అది యథాతథముగా చూపును. ఈ ప్రతిబింబమును కట్టు పద్ధతి ఎట్లు పెరిగినదో, ఒకసారి కట్టిన దానిని మరల మార్చవలసిన అవసరము ఎట్లు వచ్చినదో దీని చరిత్రవలన తెలియగలదు.

చిప్పులో నిలిచిన అంకెలు

అమెరికాలో 1970లో వాయుకాలుష్యమును అరికట్టు చట్టము కఠినమైనది. కార్ల పొగలోని హానికర వాయువులను తగ్గించుట తప్పనిసరి అయినది. 1973లో చమురు ధర హెచ్చుటతో పెట్రోలును ఆదా చేయవలసి వచ్చినది. స్ప్రింగులు, బరువులు, వాయుపీడనముతో పనిచేయు పాత యంత్రభాగములతో ఈ రెండు ప్రయోజనములను ఒకేసారి సాధించుట కష్టమైనది.

జనరల్ మోటార్స్ సంస్థ 1977 నమూనా ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో కారులో 'మిసార్' అను పరికరమును అమర్చెను. ఇంజనులో నిప్పురవ్వ ఏ క్షణమున పుట్టవలెనో అందులోని మైక్రోప్రాసెసరు లెక్కించుచుండెను. 1981 నాటికి అదే సంస్థ అమెరికాలో తయారుచేయు కార్లలో ఇంచుమించు అన్నిటియందును కంప్యూటరు నియంత్రణను ప్రవేశపెట్టెను.

ఒకే రకపు కంప్యూటరును అనేక నమూనాలకు వాడి, ఆయా కారు బరువునకు, ఇంజనునకు, గేర్లకు తగిన అంకెలు గల 'ప్రామ్' చిప్పును మాత్రము మార్చుచుండిరి. అంకెలలో దోషము కనబడినచో మెకానిక్కు పాత చిప్పును ఊడదీసి క్రొత్తదానిని గ్రుచ్చవలసి ఉండెను.

ముందే వ్రాసియుంచిన పనులు

కంప్యూటరులు పెరిగినకొలది వాని మధ్య తీగలును పెరిగినవి. 1986లో జర్మనీకి చెందిన బాష్ సంస్థ 'కాన్' అను సంధాన పద్ధతిని ప్రకటించెను. ఒకే జత తీగలపై అనేక కంప్యూటరులు ఒకదానితో నొకటి సందేశములు పంపుకొనుటకు ఇది వీలు కల్పించినది.

ఒక్కొక్క కంప్యూటరు కూడ పెక్కుపనులు చేయవలసి వచ్చినది. ఏ పని ముందు, ఏ పని వెనుక అని నిర్ణయించుటకు నిర్వాహక వ్యవస్థ అవసరమైనది. దీనినే ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. 1993లో జర్మనీలోని కారు పరిశ్రమలు కొన్ని కలిసి 'ఓసెక్' అను ప్రమాణమును రూపొందింప నారంభించెను. ఈ పద్ధతిలో ప్రతి పనిని, దాని ప్రాధాన్యమును ముందుగనే ఒక పట్టికలో వ్రాయవలెను. ఆ పట్టికను చదివి ఒక సాధనము ఆ కంప్యూటరునకు మాత్రమే సరిపోవు వ్యవస్థను సిద్ధపరచును. కారు నడచుచుండగా పట్టికలో లేని క్రొత్త పని పుట్టదు. బ్రేకువంటి అంగములకు ఇట్టి కట్టుబాటే క్షేమకరము. ఏలయనగా అచట జవాబు ఆలస్యమగుట కూడ తప్పు జవాబు వంటిదే.

తెర వచ్చిన తరువాత

పాటలు, పటములు, టెలిఫోను కారులోనికి ప్రవేశించుటతో ఈ చిన్న వ్యవస్థలు చాలలేదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన 'లినక్స్' వ్యవస్థ యొక్క మూలపాఠము అందరికి అందుబాటులో ఉన్నది. 1999లో ఇంగ్లండులోని ఎంపెగ్ అను సంస్థ విక్రయించిన కారు సంగీతయంత్రము లినక్స్‌తోనే పనిచేసినది. కాని లినక్స్ చుట్టు వేలకొలది ప్రోగ్రాములు గలవు. కారులో మెమరీ పరిమితము. పైగా తాళము త్రిప్పగానే యంత్రము మేల్కొనవలెను. అమెరికా నిబంధన ప్రకారము, రివర్సు గేరు వేసిన 2 సెకండ్లలో వెనుకనున్న దృశ్యము తెరపై కనబడవలెను. 2018 మే నుండి అచటి క్రొత్త కార్లన్నిటికి ఇది వర్తించినది. ఆ 2 సెకండ్లలో అనవసరమైన ప్రోగ్రాము ఒకటి అడ్డువచ్చినచో కారు వెనుకనున్న పసివాడు డ్రైవరు కంటబడకపోవచ్చును. కావున వలసినవానిని ఏరి, అక్కరలేనివానిని విడిచి, తగిన ప్రతిబింబమును కట్టుట ఒక ప్రత్యేక విద్య అయినది.

ఈ పనికై 2003లో 'ఓపెన్‌ఎంబెడెడ్' అను సమష్టికృషి ఆరంభమైనది. 2010లో లినక్స్ ఫౌండేషను 'యోక్టో' పథకమును ప్రకటించినది. రెండింటికి మూలసాధనము 'బిట్‌బేక్'. దీని పరిభాష వంటింటినుండి వచ్చినది. ఒక్కొక్క ప్రోగ్రామునకు 'రెసిపీ', అనగా వంట విధానము, వ్రాయుదురు. మూలపాఠము ఎచట దొరకును, ఏ సంచిక కావలెను, అందు చేయవలసిన సవరణలేవి, దానిని యంత్రభాషలోనికి మార్చుట ఎట్లు అను విషయములు అందులో ఉండును. అన్నము వండక పులిహోర కలుపలేనట్లు, ఒక ప్రోగ్రాము సిద్ధము కానిదే మరొకటి సిద్ధము కాదు. బిట్‌బేక్ అన్ని విధానములను చదివి ఈ వరుసను తానే నిర్ణయించుకొనును.

వండు కంప్యూటరు వేరు, వడ్డింపబడు కంప్యూటరు వేరు. కార్యాలయములోని పెద్ద కంప్యూటరు ఒక జాతి ప్రాసెసరుతో, కారులోనిది తరచుగా మరొక జాతి ప్రాసెసరుతో పనిచేయును. అందుచే పెద్దదానిపై నడచుచు చిన్నదాని భాషలో ఆదేశములను వ్రాయు కంపైలరును ముందుగా తయారుచేయుదురు. మొదటిసారి ఈ పనికి కొన్ని గంటలు పట్టుట సామాన్యము. పిమ్మట మారిన భాగములను మాత్రమే మరల చేయుదురు.

వంట విధానములను పొరలుగా అమర్చుదురు. చిప్పు తయారుచేసినవారు ఒక పొర ఇత్తురు. కారు సంస్థ దానిపై తన పొరను పరచును. క్రింది పొరను చెరపకయే పైనుండి మార్పులు చేయవచ్చును. తుదకు వెలువడు ప్రతిబింబమునందు యంత్రమును మేల్కొలుపు ప్రోగ్రాము, లినక్స్ కెర్నెల్, తక్కిన ప్రోగ్రాములతో గూడిన ఫైళ్ల భాండారము ఉండును. 2012లో ఆరంభమైన 'ఆటోమోటివ్ గ్రేడ్ లినక్స్' ఈ పద్ధతినే అవలంబించినది. 2018 నమూనా టొయోటా క్యామ్రీ తెర వెనుక ఉన్నది ఈ లినక్సే.

మూటను మరల విప్పవలసిన అవసరము

2015 జూలైలో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అను ఇద్దరు పరిశోధకులు రోడ్డుపై నడచుచున్న జీప్ చెరొకీ కారును దూరమునుండి టెలిఫోను వలయము ద్వారా చేరి, దాని ఇంజను శక్తి చక్రములకు అందకుండ చేసి చూపిరి. డ్రైవరు ముందుగా అంగీకరించిన వ్యక్తియే. వారు ప్రవేశించినది తెరను, రేడియోను నడపు కంప్యూటరు ద్వారా. దాని వ్యవస్థ లినక్స్ కాదు. కాని పాఠము అన్నిటికి ఒకటే. మూయవలసిన ద్వారమొకటి ప్రతిబింబములో తెరచియుండెను. తయారీసంస్థ 14 లక్షల వాహనములను సవరణకై ప్రకటింపవలసి వచ్చినది. సవరించిన ప్రోగ్రామును చిన్న యు.ఎస్.బి. పరికరములలో నింపి యజమానులకు తపాలాలో పంపినది.

ఈనాడు పెక్కు వాహనములలో ప్రతిబింబమునకు రెండు అరలు ఉంచుదురు. ఒక అరలోని వ్యవస్థ పనిచేయుచుండగా రెండవ అరలో క్రొత్తదానిని నింపుదురు. తయారీసంస్థ యొక్క అంకెల ముద్రను సరిచూచిన పిమ్మటనే దానిని అంగీకరింతురు. క్రొత్తది సరిగా లేవనిచో యంత్రము పాత అరకు తిరిగి పోవును. 2020లో ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల వేదిక ఇట్టి సవరణలను గూర్చి 156వ నిబంధనను ఆమోదించెను. అది 2021 జనవరిలో అమలులోనికి వచ్చినది. ఏ వాహనములో ఏ సంచిక గలదో సంస్థ లెక్క ఉంచవలెను. సవరణను సురక్షితముగా జరుపవలెను.

కారు పదిపదునైదేండ్లు నడచును. కట్టిన ఇంజనీరు అంతవరకు అదే కొలువులో ఉండకపోవచ్చును. అందుచేతనే ప్రతిబింబముతోపాటు దానిని కట్టిన విధానమును కూడ భద్రపరచుదురు. ఆ వ్రాత నిలిచియున్నంతకాలము పాత కారులోని తప్పును క్రొత్తవారైనను కనుగొని దిద్దగలరు.