పొగ, విషవాయు హెచ్చరిక యంత్రాలు: ఎప్పుడు మార్చవలెను, ఏది ఎంచుకోవలెను

ఇంటిలో నిప్పు రాజుకున్నప్పుడు వెలువడే పొగను గాని, మంట సరిగా మండనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును గాని ముందుగా పసిగట్టి, పెద్ద శబ్దంతో ఇంటివారిని మేల్కొలిపే చిన్న యంత్రాలు స్మోక్ డిటెక్టర్లు, సి.ఓ. అలారాలు. అమెరికా, బ్రిటన్ వంటి దేశాలలో ఇవి చాలా ఇళ్లలో కనిపిస్తాయి. మన దేశంలో ఎత్తైన అపార్ట్‌మెంట్లు, హోటళ్లు, కార్యాలయాలు తప్పిస్తే సామాన్యుల ఇళ్లలో వీటి వాడకం తక్కువ. అయితే బెంగళూరు, హోసూరు, పుణె వంటి ఊళ్లలో గ్యాస్ గీజర్లు వాడే తెలుగు కుటుంబాలకు, పిల్లలు విదేశాలలో ఉండగా వారి ఇళ్లకు వెళ్లివచ్చే తల్లిదండ్రులకు వీటిని గురించి తెలిసి ఉండటం అవసరం. ఇవి ఒకసారి గోడకు బిగిస్తే కలకాలం పనిచేసే వస్తువులు కావు. ప్రతిదానికి ఒక గడువు ఉన్నది. గడువు తీరిన యంత్రం గోడమీద ఉన్నంతమాత్రాన ఇంటికి రక్షణ ఉండదు.

మూడు యంత్రాలు, మూడు పనులు

అంగళ్లలో ఒకే విధంగా కనిపించే ఈ తెల్లని డబ్బాలు మూడు వేరువేరు పనులు చేస్తాయి.

1. స్మోక్ డిటెక్టర్: పొగలోని సన్నని కణాలను గుర్తిస్తుంది. వాయువులను గుర్తించదు.

2. సి.ఓ. అలారం: కార్బన్ మోనాక్సైడ్‌ను గుర్తిస్తుంది. పొగను గాని, వంటగ్యాస్‌ను గాని గుర్తించదు.

3. గ్యాస్ లీక్ డిటెక్టర్: సిలిండరు, రెగ్యులేటరు, రబ్బరు గొట్టం నుండి కారే వంటగ్యాస్‌ను గుర్తిస్తుంది. ఆ గ్యాస్ మండిన తరువాత పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌ను గుర్తించుటకు అది ఉద్దేశించినది కాదు.

మన ప్రాంతాలలో ఎక్కువగా అమ్ముడయ్యేది మూడవది. దానిని కొని వంటింటిలో పెట్టుకొని, ఇక స్నానాలగదిలోని గీజరు వలన కూడా భయం లేదని తలచడం పెద్ద పొరపాటు. రెండు పనులూ చేసే జంట యంత్రాలు ఉన్నాయి గాని, ఆ మాట పెట్టెమీద స్పష్టంగా ముద్రించి ఉండవలెను.

స్మోక్ డిటెక్టర్ పనిచేసే విధం

1930వ దశకంలో స్విట్జర్లాండ్‌కు చెందిన వాల్టర్ యేగర్ అనే భౌతిక శాస్త్రవేత్త విషవాయువును కనిపెట్టే సాధనం కోసం ప్రయత్నించినప్పుడు అది వాయువుకు స్పందించలేదు. ఆయన వెలిగించిన సిగరెట్టు పొగకు స్పందించింది. పొగను గుర్తించే యంత్రాలకు అదే నాంది. 1965లో అమెరికాకు చెందిన డ్యువేన్ పియర్సాల్ తన సహచరునితో కలిసి బ్యాటరీతో పనిచేసే గృహోపయోగ డిటెక్టరును రూపొందించాడు. 1970వ దశకంలో అవి ఇళ్లలోకి ప్రవేశించాయి.

నేడు రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. అయొనైజేషన్ పద్ధతిలో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం అతి స్వల్ప పరిమాణంలో ఉండి, లోపలి గాలిలో సన్నని విద్యుత్ ప్రవాహాన్ని నిలుపుతుంది. పొగ చొరబడగానే ఆ ప్రవాహం తగ్గి అలారం మోగుతుంది. భగ్గున మండే మంటలను ఇది త్వరగా గుర్తిస్తుంది. ఫొటోఎలక్ట్రిక్ పద్ధతిలో ఒక కాంతి కిరణం ఉంటుంది. పొగ కణాలు తగిలి ఆ కాంతి చెదరినప్పుడు అలారం మోగుతుంది. పరుపులో, దూది బస్తాలో, కరిగే వైరులో మంట లేకుండా చాలాసేపు రగిలే నిప్పును ఇది ముందుగా గుర్తిస్తుంది. ఒకే యంత్రంలో రెండు పద్ధతులనూ కలిపిన నమూనాలు కూడా లభిస్తున్నాయి.

కార్బన్ మోనాక్సైడ్ ఎందుకు ప్రమాదకరం

ఈ వాయువుకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. వంటగ్యాస్‌కు ఉన్న ఘాటైన వాసన దాని సహజగుణం కాదు. లీకు తెలియుటకై ఇథైల్ మెర్కాప్టన్ కలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్ విషయంలో అటువంటి హెచ్చరిక ఏదీ లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఇది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా బలంగా కలిసిపోతుంది. అందువలన ఊపిరి ఆడుతున్నా శరీరానికి ప్రాణవాయువు అందదు.

తలనొప్పి, తల తిరగడం, వికారం, నీరసం, మతి తప్పడం దీని లక్షణాలు. జ్వరం ఉండదు. ఇంటిలోని వారందరికీ ఒకేసారి ఇవి కనిపించి, బయటికి రాగానే తగ్గుతూ ఉంటే ఈ వాయువును అనుమానించవలెను. కరోనా కాలంలో చాలా ఇళ్లవారు కొనుక్కున్న పల్స్ ఆక్సీమీటరు ఇక్కడ పనికిరాదు. అది కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా ప్రాణవాయువు పట్టినదిగానే లెక్కించి 97, 98 అని చూపవచ్చును.

మన ఇళ్లలో ప్రమాద స్థానాలు

గ్యాస్ గీజరు: ఒక పాలు వంటగ్యాస్ పూర్తిగా మండుటకు సుమారు 24 నుండి 31 పాళ్ల గాలి కావలెను. తలుపు, కిటికీ మూసిన చిన్న స్నానాలగదిలో గీజరు మండుతూ ఉంటే గదిలోని ప్రాణవాయువు తరుగుతుంది. అప్పుడు మంట అసంపూర్ణంగా మండి కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. చలికాలంలో కిటికీ మూసివేసి, ఒకరి తరువాత ఒకరు స్నానం చేసే ఇళ్లలో ప్రమాదం మరింత ఎక్కువ. ఇక్కడ ఒక సంగతి గమనించవలెను. నీటి ఆవిరి తగిలితే సి.ఓ. అలారం చెడిపోతుంది; కనుక దానిని స్నానాలగదిలో బిగించరాదు. బయట గదిలో ఉన్న అలారం లోపల ఉన్నవారిని సకాలంలో కాపాడుతుందని చెప్పలేము. అందువలన గీజరును గోడకు అవతల, గాలి ఆడేచోట బిగించి, వేడినీటి గొట్టం మాత్రమే లోపలికి తేవడమే సరైన మార్గం. అలారం రెండవ రక్షణ మాత్రమే.

బొగ్గుల కుంపటి: కన్నడ సీమలో అగ్గిష్టికె అని, మరాఠీ నాట శెగడి అని పిలిచేది ఇదే. ఉదకమండలం, కొడైకెనాల్, కోరాపుట్ వంటి చలి ప్రాంతాలలో రాత్రివేళ దీనిని పడకగదిలో ఉంచుకొని తలుపు మూయడం ప్రాణాంతకం. పొగ లేని ఎర్రని నిప్పులు సైతం కార్బన్ మోనాక్సైడ్‌ను వెలువరిస్తాయి. పొగ లేనందున స్మోక్ డిటెక్టర్ మోగకపోవచ్చును.

జనరేటరు: కరెంటు పోయినప్పుడు వరండాలోను, మెట్లకిందను, దుకాణం లోపలను పెట్రోలు జనరేటరు నడపరాదు.

గడువు ఎంత

స్మోక్ డిటెక్టర్ తయారైన తేదీ నుండి 10 సంవత్సరాలకు దానిని మార్చవలెనని అమెరికాలోని జాతీయ అగ్నిరక్షణ సంఘం, అనగా ఎన్.ఎఫ్.పి.ఏ., ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. లెక్క కొన్న తేదీ నుండి కాదు, తయారీ తేదీ నుండి. అమెరీషియం-241 అర్ధజీవితకాలం సుమారు 432 సంవత్సరాలు. కనుక అది తరిగిపోవడం దీనికి కారణం కాదు. దుమ్ము, వంటింటి జిడ్డు, సాలీడు గూళ్లు, తేమ లోపలి గదిని పాడుచేస్తాయి. విద్యుత్ భాగాలు కూడా క్రమంగా బలహీనపడతాయి.

సి.ఓ. అలారంలో సాధారణంగా విద్యుత్ రసాయన సెన్సారు ఉంటుంది. దానిలోని రసాయనిక చర్య కాలక్రమాన మందగిస్తుంది. నమూనాను బట్టి దీని ఆయుష్షు 5, 7 లేక 10 సంవత్సరాలు. గ్యాస్ లీక్ డిటెక్టర్లలోని సెన్సారుకు సాధారణంగా 5 సంవత్సరాల గడువు ఉంటుంది. కచ్చితమైన సంఖ్య యంత్రం వెనుక భాగాన గాని, దానితో వచ్చిన కాగితంలో గాని ఉంటుంది.

టెస్ట్ బటన్ చెప్పేది, చెప్పనిది

నెలకొకసారి టెస్ట్ బటన్ నొక్కి చూడటం మంచి అలవాటు. అయితే చాలా నమూనాలలో ఆ బటన్ బ్యాటరీని, శబ్దం చేసే భాగాన్ని, లోపలి విద్యుత్ మార్గాన్ని మాత్రమే పరీక్షిస్తుంది. సెన్సారు నిజమైన విషవాయువును గుర్తించగలదా లేదా అన్నది దానివలన తెలియదు. 12 సంవత్సరాల నాటి సి.ఓ. అలారం కూడా బటన్ నొక్కితే గట్టిగా మోగవచ్చును. కాబట్టి శబ్దాన్ని నమ్మి తేదీని విస్మరించరాదు.

అర నిమిషానికో, నిమిషానికో ఒకసారి వినిపించే చిన్న కూత అగ్ని హెచ్చరిక కాదు. బ్యాటరీ బలహీనపడినదనో, యంత్రం గడువు తీరినదనో దాని అర్థం. కొత్త బ్యాటరీ వేసిన తరువాత కూడా కూత ఆగకపోతే మొత్తం యంత్రాన్ని మార్చవలసి ఉంటుంది.

కొత్తది ఎంచుకొనునప్పుడు

పెట్టెమీద ప్రమాణ సంఖ్యను చూడవలెను. సి.ఓ. అలారాలకు అమెరికా ప్రమాణం యు.ఎల్. 2034, ఐరోపా ప్రమాణం ఈ.ఎన్. 50291. ఐరోపా ప్రమాణం ప్రకారం గాలిలో పది లక్షల పాళ్లకు 50 పాళ్ల వాయువు ఉంటే 60 నుండి 90 నిమిషాలలోపల, 100 పాళ్లు ఉంటే 10 నుండి 40 నిమిషాలలోపల, 300 పాళ్లు ఉంటే 3 నిమిషాలలోపల అలారం మోగవలెను. ఏ ప్రమాణమూ ముద్రించని చౌక వస్తువులను ఇంటర్నెట్‌లో కొనడం క్షేమం కాదు.

బ్యాటరీ విషయంలో రెండు మార్గాలు ఉన్నాయి. ఏటా మార్చే సాధారణ బ్యాటరీ ఒకటి. విప్పడానికి వీలులేకుండా 10 సంవత్సరాలు ఉండే లిథియం బ్యాటరీ మరొకటి. రెండవ దానిలో బ్యాటరీ తీసి గడియారానికో బొమ్మకో వాడుకునే అవకాశం ఉండదు. అదే దాని మేలు. కరెంటుతో పనిచేసేది కొంటే, లోపల అదనపు బ్యాటరీ ఉన్నదో లేదో చూడవలెను. తరచు కరెంటు పోయే ఊళ్లలో ఇది ముఖ్యం. మేడ ఉన్న ఇళ్లకు, ఒకటి మోగగానే అన్నీ మోగేలా అనుసంధానించిన అలారాలు మేలు. ఒకే సంస్థ తయారుచేసినవైనా, ఒకదానితో ఒకటి కలుస్తాయని కాగితంలో ఉన్నప్పుడే కొనవలెను.

ఎక్కడ అమర్చవలెను

స్మోక్ డిటెక్టరును ప్రతి పడకగదిలో, పడకగదుల బయట, ప్రతి అంతస్తులో అమర్చవలెను. పొగ పైకి పోతుంది గనుక పైకప్పుకు గాని, గోడమీద పైకప్పు నుండి 30 సెంటీమీటర్లలోపల గాని బిగిస్తారు. పొయ్యికి 3 మీటర్ల దూరం ఉండటం మంచిది. ఎండుమిరపకాయల పోపు, సాంబ్రాణి ధూపం, దోమల చుట్ట దీనిని అనవసరంగా మోగిస్తాయి; పూజగదికి కూడా కొంత ఎడం పాటించవలెను.

కార్బన్ మోనాక్సైడ్ గాలి కంటె కొద్దిగా తేలిక, గాలితో కలిసిపోతుంది. కనుక సి.ఓ. అలారం పడకగదుల దగ్గర, తయారీదారు సూచించిన ఎత్తులో ఉండవలెను. సిలిండరు గ్యాస్ గాలి కంటె బరువైనది, నేలమీద పరచుకుంటుంది. దాని డిటెక్టర్ నేలకు సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉండవలెను. పైపులద్వారా వచ్చే సహజవాయువు తేలిక. దాని డిటెక్టర్ పైకప్పుకు దగ్గరగా ఉండవలెను. సిలిండరు నుండి పైపు గ్యాస్‌కు మారిన ఇళ్లవారు డిటెక్టర్ స్థానాన్ని మార్చడం మరువరాదు. పాత యంత్రం సహజవాయువుకు పనికివస్తుందో లేదో కూడా చూసుకోవలెను.

మార్చే విధానం

1. పాత యంత్రాన్ని అపసవ్యంగా తిప్పి ఊడదీసి, వెనుక ఉన్న తయారీ తేదీని చదవవలెను. తేదీ కనిపించకపోతే పాతదానిగానే లెక్కించవలెను.

2. కరెంటు యంత్రమైతే ముందుగా ఆ గదికి వచ్చే ఎం.సి.బి.ని ఆపి, ఎలక్ట్రీషియన్ చేత మార్పించవలెను. పాత ప్లేటు, ప్లగ్గు కొత్తదానికి సరిపోతాయని అనుకోరాదు.

3. కొత్తదానిపై ఉన్న ప్లాస్టిక్ తొడుగు తీసివేయవలెను. ఇల్లు రంగులు వేయించినప్పుడు డిటెక్టరుకు కట్టిన సంచిని కూడా విప్పవలెను. డిటెక్టరుకు రంగు పూయరాదు.

4. టెస్ట్ బటన్ నొక్కి, నిద్రించే గదిలో తలుపు వేసుకొని శబ్దం వినిపిస్తున్నదో లేదో చూడవలెను. వినికిడి తగ్గిన పెద్దలుంటే వారి గదిలోనే ఒకటి ఉంచవలెను.

5. మార్చవలసిన సంవత్సరాన్ని చెరగని సిరాతో యంత్రం పక్కభాగాన వ్రాయవలెను. ఉదాహరణకు 2026లో తయారైన 10 సంవత్సరాల యంత్రంపై 2036 అని వ్రాస్తారు.

అపార్ట్‌మెంట్లలో కేంద్ర ప్యానెల్‌కు కలిపిన డిటెక్టర్లను ఇంటి యజమాని తానుగా ఊడదీయరాదు. వాటి తనిఖీని, మార్పిడిని నివాసుల సంఘం ద్వారా అడగవలెను.

అయొనైజేషన్ డిటెక్టర్లను పగులగొట్టరాదు, కాల్చరాదు, పాత సామానువారికి ఇవ్వరాదు. మన దేశంలో ఇవి అణుశక్తి నియంత్రణ మండలి పరిధిలోనివి. సరఫరాదారుకు తిరిగి అప్పగించవలెను.

విదేశాలలోని ఇళ్లలో

అమెరికాలో బిడ్డల ఇళ్లకు వెళ్లిన పెద్దలకు పోపు వేయగానే మోగే అలారం చికాకు కలిగించవచ్చును. బ్యాటరీ తీసివేయడం దీనికి పరిష్కారం కాదు. పొయ్యిపైన ఉన్న ఫ్యాను వేసి, కిటికీ తెరచి, యంత్రంపై ఉన్న నిశ్శబ్ద బటన్ నొక్కితే చాలును. అక్కడి గణాంకాల ప్రకారం, పనిచేసే అలారాలున్న ఇళ్ల అగ్నిప్రమాదాలలో మరణాల రేటు, అవి లేని లేదా పనిచేయని ఇళ్లతో పోలిస్తే సగం కంటె తక్కువ. మూడు కూతలు, విరామం, మరల మూడు కూతలు పొగకు గుర్తు. నాలుగు కూతలు, విరామం కార్బన్ మోనాక్సైడ్‌కు గుర్తు.

మోగినప్పుడు

పొగ అలారం మోగితే వస్తువుల కోసం ఆగక, పొగ కింది స్వచ్ఛమైన గాలిలో వంగి నడుస్తూ అందరూ బయటికి రావలెను. సి.ఓ. అలారం మోగితే అందరూ వెంటనే ఆరుబయటికి చేరవలెను. వెళ్తున్న దారిలోనే వీలైతే మంట ఆర్పి, తలుపులు తెరవవచ్చును. స్పృహ తప్పినవారిని గాలిలోకి తెచ్చి ఆసుపత్రికి చేర్చి, గ్యాస్ గీజరు లేక కుంపటి సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గుటకు 4 నుండి 5 గంటలు పడుతుంది; ఆసుపత్రిలో శుద్ధమైన ఆక్సిజన్ ఇస్తే సుమారు గంట, గంటన్నరలో తగ్గుతుంది.

గ్యాస్ లీక్ డిటెక్టర్ మోగితే ఏ స్విచ్చినీ వేయరాదు, ఆపరాదు. రెగ్యులేటరు కట్టి, కిటికీలు తెరచి, బయటికి వచ్చిన తరువాత ఫోను చేయవలెను. వంటగ్యాస్ లీకుకు దేశమంతటా 1906, అగ్నిమాపక దళానికి 101, ఇతర అత్యవసర సహాయానికి 112. ఏ రాష్ట్రంలో ఉన్నవారు ఆ రాష్ట్ర భాషలో తమ ఇంటి చిరునామాను చెప్పగలిగేలా ఇంటిలోని పిల్లలకు, పెద్దలకు ముందుగానే నేర్పి ఉంచవలెను.