ఆరాధనలో వాద్యాలు: బైబిలు మాట, బైబిలు మౌనం

ఆరాధనలో వాద్యాలు ఉండొచ్చా అన్న వాదన మొదలైతే మనవాళ్ళు ముందుగా తెరిచేది 150వ కీర్తన. బూర, స్వరమండలం, సితారా, తంబుర, తంతివాద్యాలు, పిల్లనగ్రోవి, తాళాలు... తెలుగు బైబిల్లో చిన్నపాటి కచేరీయే కనిపిస్తుంది. (హీబ్రూ 'కిన్నోర్' మన సితార్ కాదు, లైర్ జాతి వాద్యం. అనువాదకులు ఏదో ఒక పేరు పెట్టాలి కదా!) ఇంత స్పష్టంగా ఉంటే ఇక గొడవెందుకు?

గొడవ కొత్త నిబంధనతో వస్తుంది. దేవాలయంలో తాళాలు, సితారాలు వాయించడం లేవీయుల పని. హిజ్కియా రాజు బలులతో పాటే ఆ వాయిద్యాన్నీ మళ్ళీ నిలబెట్టాడు. క్రీ.శ. 70లో ఆ దేవాలయమే కూలిపోయింది. ఎఫెసీ, కొలొస్సయి పత్రికలు క్రైస్తవ సంఘాలకి చెప్పింది పాడమని. వాయించమనలేదు, వద్దనీ అనలేదు. ప్రకటన గ్రంథంలో వీణలున్నాయి గానీ అవి పరలోకంలోవి. ఈ మౌనాన్ని ఎలా చదవాలన్నదే అసలు తగాదా. వాద్యాలు యూదుల బలహీనతకి దేవుడిచ్చిన వెసులుబాటు అన్నాడు క్రిసొస్తొమ్. స్వయంగా ఎన్నో వాద్యాలు వాయించగల జ్వింగ్లీ, జూరిచ్ ఆరాధనలో సంగీతమే లేకుండా చేశాడు. లూథర్ ఉంచుకున్నాడు. ఇద్దరూ బైబిలే ప్రమాణం అన్నవాళ్ళే.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా పట్టుకున్నది అమెరికాలో, కెంటకీ రాష్ట్రంలోని మిడ్‌వే ఊరి కథ. 1860 ప్రాంతం. అక్కడి సంఘంలో పాట మరీ అధ్వాన్నంగా ఉండేదట. వింటే ఎలుకలు కూడా పారిపోతాయని బోధకుడు పింకర్టన్ అన్నట్టు చెప్తారు. శ్రుతి కోసం మెలోడియన్ తెచ్చారు. అది మన హార్మోనియానికి దగ్గర చుట్టం. లేఖనంలో లేనిది గుడిలో ఉండకూడదన్న ఆడం హిబ్లర్ అనే సంఘపెద్ద, తన బానిసని కిటికీలోంచి లోపలికి దూర్చి ఆ పెట్టెని మాయం చేయించాడని ఆ సంఘాల చరిత్రకారులు రాశారు. ఇంకోటి తెచ్చుకున్నారు, అది వేరే సంగతి.

ఈ కథలో అందరి చూపూ పెట్టె మీదే. నా చూపు కిటికీలోంచి దూరిన మనిషి మీద ఆగిపోతుంది. వాద్యాలు వద్దనేవాళ్ళు ఆమోసు గ్రంథాన్ని చూపిస్తుంటారు, మీ స్వరమండలాల చప్పుడు నాకొద్దని దేవుడన్న చోటు. సరే, చదవాల్సిందే. కానీ ఆ వెంటనే అక్కడ దేవుడు అడిగింది న్యాయం. ఇశ్రాయేలు మీద ఆమోసు మొదటి ఫిర్యాదే, బీదవాణ్ణి చెప్పుల జతకి అమ్మేస్తున్నారని! మనిషిని కొనుక్కున్న పెద్దమనిషికి గుడిలో తప్పుగా కనిపించింది మాత్రం మెలోడియన్.

1906 అమెరికా మతగణనలో ఈ సంఘాలు తొలిసారి రెండుగా నమోదయ్యాయి. వాద్యం ఒక్కటే కారణం కాదు. మిషనరీ సొసైటీల మీద తగువుంది, అంతర్యుద్ధం మిగిల్చిన ఉత్తర, దక్షిణాల కోపముంది. వాద్యం వద్దన్న పాయ నుంచి వచ్చిన మిషనరీలు మన కోస్తా జిల్లాల్లోనూ పనిచేశారు. అందుకే ఇక్కడ కొన్ని 'క్రీస్తు సంఘం' ఆరాధనల్లో ఇవాళ్టికీ వట్టి గొంతులే వినిపిస్తాయి. మిగతా గుడుల్లో పురుషోత్తమ చౌదరి కీర్తనలకి హార్మోనియం, డోలక్ మోగుతుంటాయి.