బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాల, మదనపల్లె

అనిబిసెంట్ 1915లో మదనపల్లెలో నెలకొల్పిన కళాశాల. గుంటూరులో లూథరన్ మిషన్ 1885లో ప్రారంభించిన ఆంధ్ర క్రైస్తవ కళాశాల లాగే ఇదీ ఒక ఆధ్యాత్మిక సంస్థ అండతో ఎదిగింది. ఇక్కడ ఆ అండ దివ్యజ్ఞాన సమాజానిది. హోంరూల్ ఉద్యమంలో పాల్గొన్నందుకు మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపు పోయి, అడయారులోని జాతీయ విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది. దాని ఛాన్సలర్ రవీంద్రనాథ్ ఠాగూర్.

కళాశాలకు పేరు తెచ్చింది మాత్రం తరగతి గదులు కావు, బుధవారం సాయంత్రాలు. ఐరిష్ కవి, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఆ పూట అధ్యాపకులనూ విద్యార్థులనూ కూర్చోబెట్టి పాటలు పాడించేవారు. 1919 ఫిబ్రవరిలో విశ్రాంతికి వచ్చిన ఠాగూర్ అలాంటి ఒక కూడికలో 'జనగణమన' పాడారు; పల్లవి వచ్చినప్పుడల్లా పిల్లలు గొంతు కలిపారు. కజిన్స్ భార్య మార్గరెట్ సంగీతజ్ఞురాలు. ఆమె బాణీని స్వరలిపిలో పెట్టారు. ఠాగూర్ అక్కడే పాటను ఇంగ్లీషులోకి మార్చారు. బెంగాలీలో పాట పుట్టింది అంతకు ఏడేళ్ల ముందే గనుక, మదనపల్లెలోనే రాశారన్న స్థానిక ప్రచారం సరికాదు.