క్యాబినెట్ వేడెక్కుతోందా? ముందు గాలి దారి చూడండి

రైల్వే వర్క్‌షాపు ఉద్యోగాలతో వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అలాంటి గదిలో డెస్క్‌టాప్ ఫ్యాన్లు ఎన్ని ఉన్నా గది గాలికన్నా చల్లదనం ఇవ్వలేవు. లోపలి వేడిని బయటికి నెట్టడమే వాటి పని. వేడి పేరుకుపోతే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. చాలా మోడళ్లలో ఇది 95-100 డిగ్రీల దగ్గర మొదలవుతుంది.

గాలి ముందు నుంచి లోపలికి వచ్చి, వెనక నుంచి, పైనుంచి బయటికి పోవాలి. వచ్చే గాలి పోయే గాలికన్నా కాస్త ఎక్కువుంటే సందుల్లోంచి దుమ్ము తక్కువగా చేరుతుంది. కేబుళ్లు దారికి అడ్డం లేకుండా కట్టాలి. వెనక గోడకు జానెడు ఎడం ఉంచాలి. పక్క పలక తీయగానే ఉష్ణోగ్రత బాగా తగ్గితే గాలి దారి మూసుకుపోయినట్టే.

ఇదే ఊళ్లోని ఐఐటీలో 2022 మార్చి 27న ప్రారంభమైన పరమ్ శక్తి సూపర్‌కంప్యూటర్‌లో 17,680 సీపీయూ కోర్లు, 44 జీపీయూలు ఉన్నాయి. అక్కడ ర్యాకుల వెనక తలుపుల్లోని హీట్ ఎక్స్ఛేంజర్లు వేడిగాలి గదిలో కలవకముందే ఆ వేడిని లాగేస్తాయి. ఇంట్లో ఆ ఏర్పాటు ఉండదు. బయటికొచ్చిన వేడే మళ్లీ లోపలికి వెళ్తుంది. కాబట్టి క్యాబినెట్‌ను బల్ల అరలో మూసి ఉంచొద్దు. కొత్త ఫ్యాన్ కొనేముందు కరెంటు తీసేసి ఫిల్టర్ దులపండి.